ఖిల్లా సందులో డొల్ల గోడ

ఖమ్మం,
జూలై 3

ప్రియమైన కవితకు,

మీ యాడి ద్వాలి, నేను బాగానే ఉన్నాం. అమ్మ మీద బెంగ పెట్టుకోకు. నువ్వు పాఠాలు చెప్పే అడవి బడి దగ్గర టవరు లేదు. ఉన్నా ఫోనులో నీ మాట నాకు సరిగా వినబడదు. బొగ్గుబాయిలో పేలుళ్ల మధ్య ఇరవై రెండేళ్లు పనిచేసిన చెవులు కదా. అందుకే రాస్తున్నాను. మీ వార్డెన్ భద్రయ్య సరుకులకు భద్రాచలం వచ్చినప్పుడు అందేలా బస్సు డ్రైవరుకు ఇచ్చి పంపుతున్నాను.

ఖిల్లా కింద మన సందును ఇప్పుడు నువ్వు గుర్తుపట్టవు. జిలేబీ దుకాణం ఫోన్ల షాపు అయింది. మక్కగారెలు అమ్మే అక్కాచెల్లెళ్లు బైపాస్ రోడ్డుకు వెళ్లిపోయారు. పాత ధాన్యం గోదాము గోడ నీడన ఇక మిగిలినవి మూడు బండ్లే. నా మిర్చి బజ్జీలు, బుల్లెమ్మ పునుగులు, ఒక చాయ్ బండి. ఆ గోదామును వెంకటేశ్వరరావు అనే ఆయన కొని కూలగొట్టించాడు. ఐదంతస్తుల బిల్డింగు కడతాడట. సందు వైపు గోడ ఒక్కటి అడ్డుగా ఉంచి, దాని వెనకే సెల్లారుకు గొయ్యి తవ్విస్తున్నాడు.

నిన్న సాయంత్రం బేరం మధ్యలో ఆ గోడకు అరచెయ్యి ఆనించాను. లోపల ఏదో సన్నగా కదిలినట్టయింది. ఇనుప కడ్డీతో తడితే డొల్లగా పలికింది. బాయిలో పైకప్పును ఇట్లాగే తట్టి చూసేవాళ్లం. గట్టిగా ఉన్న కప్పు ఒక రకంగా పలుకుతుంది, కూలబోయే కప్పు ఇంకో రకంగా.

బుల్లెమ్మకు చెబితే పునుగులు తిప్పుతూనే, "నేను కాపరానికి వచ్చిన నాటికే ఉందయ్యా ఈ గోడ. మనం పోయినా ఇది ఉంటది" అంది.

మీ యాడికి చెప్పలేదు. పిండి కలుపుతూ నా ముఖం చూసి "ఏమైంది" అని రెండుసార్లు అడిగింది. నాకు భయంగా ఉంది బిడ్డా.

నీ బాపు,
ధన్‌సింగ్


ఆశ్రమ పాఠశాల,
జూలై 11

ప్రియమైన బాపూ,

నీ ఉత్తరం నిన్న అందింది. చదివిన తర్వాత పిల్లల లెక్కలు దిద్దుతూ ఒకే తప్పును మూడుసార్లు వదిలేశాను.

మనం బాయి కాలనీ వదిలి ఖమ్మం వచ్చినప్పుడు నాకు పదేళ్లు. సోమ్లా మామ బాయిలో కప్పు కూలి పోయి రెండు నెలలే అయింది. అన్న పోయిన దుఃఖంతో యాడి పొయ్యి వెలిగించేది కాదు. నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. నువ్వు రోజూ సాయంత్రం నా చెయ్యి పట్టుకుని ఆ సందులోకి తీసుకెళ్లి, ఒక్కో బండి దగ్గర ఒక్కోటి తినిపించేవాడివి. బుల్లెమ్మత్త పల్లీ చట్నీ అడగకుండానే మళ్లీ వేసేది. ఒకరోజు కారం ఎక్కువై "నీళ్లు" అన్నాను. అన్నాళ్లకు అదే నా మొదటి మాటని నువ్వు సందంతా చెప్పుకున్నావు.

ఆ రోజుల్లో ఇంటి ముందు లారీ పోయి నేల అదిరితే నువ్వు అన్నం ముందు నుంచి లేచి బయటికి పరుగెత్తేవాడివి. అది నాకు ఇంకా గుర్తుంది. మామ పోయిన రోజు నీకు ఏ శబ్దమూ వినబడలేదని, వినబడి ఉంటే కాపాడుకునేవాడినని నువ్వే యాడికి చెప్పావు. ఆ రోజు వినలేకపోయినదాన్ని ఇప్పుడు ప్రతి గోడలోనూ వింటున్నావేమో. కోపం తెచ్చుకోకు. ఒకసారి దవాఖానాకు వెళ్లి మనసు డాక్టరుకు చూపించుకో. ఆ వెంకటేశ్వరరావుతో గొడవ పెట్టుకోకు. బండి తీయిస్తే ఇంత వయసులో ఎక్కడికి వెళ్తావు?

ఇక్కడ వానలు మొదలయ్యాయి. వాగు దాటడం కష్టమవుతోంది.

నీ బిడ్డ,
కవిత


ఖమ్మం,
జూలై 22

ప్రియమైన కవితకు,

నువ్వు చెప్పినట్టే దవాఖానాకు వెళ్లాను. డాక్టరు మంచివాడు, ఓపికగా విన్నాడు. గోళీలు ఇచ్చాడు. వాటితో రాత్రిళ్లు నిద్ర పడుతోంది. గోడకు చెయ్యి ఆనిస్తే మాత్రం మునుపటిలాగే ఉంది.

నీ ఉత్తరం రాకముందే వెంకటేశ్వరరావును కలిశాను. గిరాకీ అంతా చూస్తుండగా ఆయన నవ్వాడు. "నీకు మనుషుల మాటే సక్కగ ఇనబడదు. గోడ సప్పుడు ఎట్ల ఇనబడ్డది? భయమైతే బండి వేరే కాడ పెట్టుకో, జనాన్ని బెదిరియ్యకు" అన్నాడు. బజ్జీలు తింటున్నవాళ్లు కూడా నవ్వారు. నీ ఉత్తరం వచ్చాక మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

నాలుగు రోజులుగా వాన. గోడ మొదట్లో వేలు పట్టేంత పగులు వచ్చింది. నిన్న పైనుంచి మట్టి పెళ్ల రాలి కాగే నూనెలో పడింది. ఆ నూనె పారబోసి కొత్త నూనె పోసుకున్నాను. ఆ గొయ్యిలో రోజూ నలుగురు కూలీలు దిగుతున్నారు. ఇటు పక్క కోచింగ్ సెంటరు పిల్లలు గోడకు వీపు ఆనించి తింటారు.

నీ మాట విని ఊరుకున్నాను. కాని ఊరుకోవడం నాకు ఇది మొదటిసారి కాదు కవితా. ఆ సంగతి రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు.

నీ బాపు


ఆశ్రమ పాఠశాల,
జూలై 30

బాపూ,

వాగు పొంగి ఐదు రోజులుగా బస్సు లేదు. ఈ రోజు భద్రయ్య పడవ మీద అవతలికి వెళ్లి నీ ఉత్తరం తెచ్చాడు. దాంతోపాటు ఒక మాట కూడా తెచ్చాడు. ఖమ్మంలో ఖిల్లా కింద బజ్జీల బండ్ల మీద గోడ పడిందని భద్రాచలం బస్టాండులో అనుకుంటున్నారట. ఎవరు పోయారో, ఎంతమందో ఆయనకు తెలియదు.

పడవలో వెళ్లి ఫోను చేస్తానని బయలుదేరాను. నీళ్లు ఇంకా పెరిగాయని ఒడ్డు నుంచే వెనక్కి పంపారు. బడిలో నూట పది మంది పిల్లలు ఉన్నారు, నేనూ వార్డెనూ తప్ప ఎవరూ లేరు.

గొడవ పెట్టుకోవద్దన్నది నేనే. నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదువుతున్నాను. ఒక్క ముక్క రాయి. నువ్వు రాయలేకపోతే యాడితో వేలిముద్ర వేయించి పంపు.

కవిత


ఖమ్మం,
ఆగస్టు 5

ప్రియమైన కవితకు,

నేను బతికే ఉన్నాను. మీ యాడి కూడా బాగుంది. ఎవరూ పోలేదు. వాగు పొంగి బస్సులు ఆగిపోవడంతో ఈ కబురు ముందే పంపలేకపోయాను.

జూలై ఇరవై ఆరున సాయంత్రం వాన తెరిపిచ్చింది. సందు నిండింది. నలభై మంది ఉండొచ్చు. బజ్జీలు తీస్తుంటే గోడ పైనుంచి సన్నటి రాళ్లు రాలాయి. బండి రేకు నా చేతి కింద వణికింది. స్టవ్ ఆర్పేసి, "గోడ పడుతున్నది, అందరూ జరగండి" అని అరిచాను. ఒకరిద్దరు పైకి చూశారు. "తాతకు మళ్ల మొదలైంది" అని ఎవరో నవ్వారు.

అప్పుడు బజ్జీల గంప ఎత్తుకుని సందు చివర రోడ్డు దాటాను. అటుపక్క షట్టరు వేసిన దుకాణం మెట్లెక్కి, "బజ్జీలు ఉత్తగనే. ఈడికొచ్చినోళ్లకే" అని అరిచాను. పిల్లలు పరుగెత్తుకొచ్చారు. ఆ కేక విని గొయ్యిలో కూలీలు కూడా పైకెక్కి వచ్చారు. గిరాకీ పోతోందని చాయ్ బండివాడు బండి తోసుకుంటూ వచ్చాడు.

బుల్లెమ్మ ఒక్కతే రాలేదు. వెనక్కి బయలుదేరాను. రోడ్డు మధ్యలో నా కాళ్లు ఆగిపోయాయి. గోడ పైభాగం సందు వైపు వంగడం కళ్లతో చూశాను. అయినా ముందుకు పోలేకపోయాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. "నూనె మీద ఉన్నదయ్యా, ఎక్కడికి రమ్మంటావ్" అని ఆమె అరిచింది. ఆ అరుపుకు కాళ్లు కదిలాయి. వెళ్లి ఆమె రెక్క పట్టి లాగాను. జల్లి గరిటెతో నా భుజం మీద కొట్టింది. నాలుగు అడుగులు వచ్చామో లేదో గోడంతా కింద ఉంది. ఒక రాయి తగిలి ఆమె పాదం విరిగింది. మా రెండు బండ్లూ రాళ్ల కింద రేకుల్లా అయిపోయాయి. దవాఖానాలో కట్టు కట్టించుకుంటూ ఆమె నన్ను తిడుతూనే ఉంది. తిట్టి తిట్టి చివరికి ఏడ్చింది.

అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఐదారు రోజుల తర్వాత వెంకటేశ్వరరావు కూడా వచ్చి దండం పెట్టాడు. అది భరించలేక ఇంటికి వచ్చి మీ యాడికి చెప్పాను. నీకూ చెబుతున్నాను.

సోమ్లా పోయిన రోజు నాకు వినబడింది. కప్పు తట్టితే డొల్లగా పలికింది. అంతకు ముందు రెండుసార్లు నేను అరిచి అందరినీ బయటికి ఉరికించాను, కప్పు పడలేదు. నెల రోజులు నవ్వారు. మూడోసారి నవ్వుతారని నోరు తెరవలేదు. నేను ఒక్కడినే, నీళ్ల సీసా కోసం వెళ్తున్నట్టు, పది అడుగులు ఇవతలికి వచ్చాను. సోమ్లా నా వైపు చూసి, "బావా, నాక్కూడా తే" అన్నాడు. నేను సరేనన్నాను.

మీ యాడి మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టి పక్క గదిలోకి వెళ్లిపోయేది. నాలుగో రోజు వచ్చి, "ఏన్కూరు పోదాం. వదినెకు నువ్వే చెప్పాలె. నీ నోటితోనే చెప్పాలె" అంది.

"ఆమె కొడితే?" అన్నాను.

"కొడితే కొట్టనీ. నేను పక్కన కూసుంట."

ఈ రోజే వెళ్తున్నాం. ఏన్కూరు తండాలో సోమ్లా భార్య ఇప్పటికీ పండక్కి నాకు కొత్త తువ్వాలు పంపుతుంది. ఆమె ముందు ఎట్లా కూర్చోవాలో తెలియడం లేదు. తిరిగి వచ్చాక ఎట్లా ఉంటానో అదీ తెలియదు. అందుకే వెళ్లకముందే నీకు రాస్తున్నాను.

బస్సు ఆరున్నరకు. మీ యాడి నాకంటే ముందే చెప్పులు వేసుకుని వాకిట్లో నిలబడింది.

నీ బాపు