మా మీటింగులో మీ అమ్మ

చిట్టితల్లి జెమీమాకు నాన్న ప్రేమతో రాసేది.

నేను ఎండకు పడిపోయానని విని కంగారుపడకు, ఇప్పుడు కులాసాగానే ఉన్నాను. ఆదివారం ఆరాధన కాగానే జంగ్లీఘాట్‌లో మా పార్టీ మీటింగుకు వెళ్లాను. మీ అమ్మ అవతలి పార్టీ మనిషి కదా, ఈ ఎన్నికల గొడవతో పది రోజులుగా మా మధ్య మాటల్లేవు. జెండా ఊపుతూ జై కొడుతుంటే కళ్లు తిరిగి కూలబడ్డాను. తెలివి వచ్చేసరికి నా తల మీ అమ్మ ఒళ్లో ఉంది. టోపీ మరిచిపోయానని తెచ్చిందట, మెడలో వాళ్ల పార్టీ కండువాతోనే.

మావాడొకడు, "దీదీ, ఇది మీ మీటింగ్ కాదు" అన్నాడు.

"మీటింగ్ మీదే భయ్యా, మనిషి నావోడు. జల్దీ పానీ తే" అంది.

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో నా జెండా తనే పట్టుకుంది. ఓటు మాత్రం వాళ్లకేనట.

విశాఖ హాస్టల్లో తిండి బాగుందా? పరీక్షలు ఎప్పుడు? సెలవులకు మన దీవికి వచ్చే ఓడ టికెట్ ముందే తీసుకో. అమ్మకు ఒక నేత చీర తీసుకురా. మా పార్టీ రంగు మాత్రం వద్దు, కట్టుకోదు.

దేవుడు నిన్ను చల్లగా కాయాలి.

నాన్న నెహెమ్యా,
ప్రోతరాపూర్