స్ప్రింగు లేని బిరడా

అక్కయ్యా,

నీ మేనకోడలు నెగ్గింది. మీ ఇంట్లో అందరి క్షేమం తరవాత అడుగుతాను, ముందు ఇది చదువు.

చమురుబావిలో లోతున బిగించి, పని అయ్యాక పైకి లాగే ఇనప బిరడా ఒకటుంటుంది. దాన్నిండా స్ప్రింగులు, పిన్నులు. వాటిలో ఒక్కటి విరిగినా బిరడా లోపలే ఇరుక్కుపోతుంది, బావి మూలపడుతుంది. మన పిల్ల నెలల తరబడి బుర్ర బద్దలుకొట్టుకుని, అక్కర్లేనివన్నీ ఒక్కొక్కటే తీసేసి దాన్ని సగానికి సగం చేసింది.

వాళ్ళ కంపెనీ పెద్ద ఇంజనీరు, "తీసేయడం కూడా ఒక పనేనా అమ్మా?" అన్నాడట.

"లేని స్ప్రింగు విరగదు కదండీ" అందట ఇది.

"సరే, దింపి చూద్దాం. ఇరుక్కుందంటే మాత్రం ఈ పని ఇంకొకరికి ఇస్తాను" అన్నాడట.

నిన్న దింపారు. నేను రోజంతా ఫోను పక్కనే కూచున్నానంటే నమ్ము. సాయంత్రం ఫోను చేసి, "వెళ్ళింది వెళ్ళినట్టే పైకొచ్చింది నాన్నా" అంది. బావి దగ్గరి ముసలి మేస్త్రీ, "ఏం తల్లీ, ఇంత సులువు చేసేస్తే ఇక మేం దేన్ని తిట్టుకోవాలి?" అన్నాడట. ఇకమీదట వాళ్ళ బావులన్నిటికీ ఇదే బిరడా. చేయించే బాధ్యత కూడా దీనిదే. నాలాంటి వానాకాలం చదువువాడి కడుపున ఇంత తెలివి ఎలా పుట్టిందో, అక్కయ్యా.

పొద్దున్నే ఇంటికొచ్చిన పిల్ల ఇప్పుడే నా భుజం మీదుగా తొంగి చూసి, "ఇందులో సగం తీసేసినా అత్తకి విషయం అందుతుంది నాన్నా" అంది.

"పోవే, ఇది నీ బిరడా కాదు" అన్నాను.

ఒక్క మాట కూడా తీయను. అన్నీ కావలసినవే.

నీ తమ్ముడు