రెండో లైను

చిన్నోడికి పెద్దక్క ఆశీస్సులు.

సోమవారం ఉదయం ఎప్పటిలాగే ప్రార్థన ముగించి మన పళ్లసెట్ల దుకాణం తలుపు తీశాను. మీ చిన్నక్క బల్లల మీది ప్లాస్టరు పొడి తుడిచింది. మీ బావ ఒక దవడకు మెరుగు పెడుతున్నాడు. తొమ్మిదిన్నరకు, నువ్వు వెళ్లాక తెరిచిన క్లినిక్ నుంచి ఒక పాటల మాస్టారి నోటి కొలతలు నెట్‌లో రావడం మొదలైంది. పైవరుస వచ్చింది. కింది వరుస వచ్చేలోపు నెట్ పోయింది, రెండు రోజులు రాలేదు. మాస్టారు పై పళ్లతోనే ఇంటికెళ్లారు. డాక్టరమ్మకు కోపం వచ్చింది. మన పనిలో సగం ఆవిడ ఇచ్చేదే.

కొత్త నెట్ పెట్టించాలి. చవకది మేడమీది దర్జీతో పంచుకోవాలి. ఖరీదైనది మనకొక్కరికే. మధ్యరకం ఇంకోటి ఉంది. నువ్వు నెట్ ఆఫీసులోనే ఉన్నావు కదా, ఏది మేలు?

పెద్దక్క

తా.క. ఫోనైతే “బిజీ అక్కా” అంటావు. ఉత్తరమైతే ఆ మాట అనేలోపే చదివేసి ఉంటావు.

పెద్దక్కకు నమస్కారం.

చవకకు పోకు. దర్జీతో పంచుకుంటే మన రోగుల వివరాలు ఆయన కంట పడొచ్చు. అలాగని ఒక్కదాన్నే నమ్ముకోకు. ఖరీదైనది ఒకటి, వేరే కంపెనీ మధ్యరకం ఒకటి పెట్టించు. ఇది పోతే అదుంటుంది. పాస్‌వర్డ్ పెద్దది పెట్టు, ఎవరికీ చెప్పకు.

చిన్నోడు

తా.క. నేనేం బిజీ కాదు. మీటింగులో కూర్చునే ఇది రాస్తున్నాను.

చిన్నోడికి ఆశీస్సులు.

రెండూ పెట్టించాను. పాస్‌వర్డ్ నలభై అక్షరాలు. ఎవరికీ చెప్పలేదు. ప్రార్థన పుస్తకం చివరి పేజీలో రాసుకుని, ఆ పుస్తకంతో మూడు రోజులు మౌనధ్యానానికి వెళ్లాను. అక్కడ ఫోన్లు గుమ్మం దగ్గరే తీసేసుకుంటారు.

నేను వెళ్లిన పూటే కరెంటు పోయి వచ్చి, కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగిందట. తిరిగొచ్చేసరికి మీ బావ మెరుగుపెట్టిన దవడకే మళ్లీ మెరుగు పెడుతున్నాడు. “దొంగలెవరూ దూరలేదు వదినా. మేమూ దూరలేదు,” అన్నాడు. ఇంకొక్కసారి ఆలస్యమైతే పని వేరేవాళ్లకిస్తానని డాక్టరమ్మ కబురు పంపింది.

పెద్దక్క

తా.క. మీ చిన్నక్క నాతో మాట్లాడటం లేదు. మౌనం నేర్చుకోవడానికి నేను అంత దూరం వెళ్లాను. ఆవిడ ఇంట్లోనే నేర్చేసుకుంది.

అక్కా!

ఎవరికీ అంటే బయటివాళ్లకి! బావకి కూడానా? ముందు చెప్పెయ్. ఇంకోటి, ఆ రెండు తీగలూ వీధిలో వేరువేరు దారుల్లో వస్తున్నాయా? ఒకే స్తంభం మీదైతే పది కంపెనీలవి పెట్టినా ఒకటే. రెండో లైను ఆ స్తంభాన్ని ముట్టని దారిన రావాలి. బయటికెళ్లి తలెత్తి చూడు.

చిన్నోడు

తా.క. తలెత్తే ముందు బండ్లేమైనా వస్తున్నాయేమో చూసుకో.

చిన్నోడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి బయటికెళ్లాను. తలెత్తాల్సిన పని పడలేదు. స్తంభం నేల మీదే ఉంది. అంతకు ముందే లారీ గుద్దింది. రెండు తీగలూ దానికే ఉన్నాయి.

ఇంతలో డాక్టరమ్మ ఫోన్. ఒక లాయరు గారి ముందుపళ్లు, సాయంత్రానికి కావాలి, లేదంటే ఇక సెలవు. మీ బావ సైకిల్ తుడుచుకుని వెళ్లాడు. పన్నెండు నిమిషాల్లో కొలతలు పెన్‌డ్రైవ్‌లో పట్టుకొచ్చాడు. క్లినిక్ మూడు వీధుల అవతలే ఉంది, చిన్నోడా. కొలతలు నెట్‌లో వస్తున్నాయి, పళ్లు కొరియర్‌లో పోతున్నాయి కదా అని ఇంతకాలం ఎంత దూరమో ఎవరమూ అడగలేదు.

పళ్లు అందుకుని డాక్టరమ్మ, “మీ కొత్త లైన్ స్పీడెంతండీ?” అందట.

“ఎత్తు ఎక్కేటప్పుడు కాస్త తగ్గుతుందమ్మా,” అన్నాడట మీ బావ.

ఆవిడ నవ్వి, ఈ ఏడాది పనంతా మనకే ఇచ్చింది.

సాయంత్రం అందరం కూర్చున్నాం. దూరపు డాక్టర్ల కోసం ఖరీదైన లైను ఉంచాలని, మధ్యరకం తీసేయించి సైకిల్‌కు కొత్త టైర్లు వేయించాలని నిర్ణయించాం. స్తంభం ముట్టని దారి ఇదొక్కటే కనపడింది.

పెద్దక్క

తా.క. సైకిల్‌కు ముందు బుట్ట కూడా ఉండాలని మీ చిన్నక్క పట్టుబట్టింది. వచ్చేటప్పుడు కూరగాయలు కూడా డౌన్‌లోడ్ అవుతాయట. ఇంటిల్లిపాదీ సరేనన్నాం.