మన గల్లీ మూత ఏ ఏటికి జరిగింది

మహారాజశ్రీ శీనన్న సముఖానికి, మధురానగర్ హాస్టల్లో నీ పక్క మంచం వాడు సవినయంగా చేసుకునే విన్నపం.

నువ్వు అమీర్‌పేటలో జావా క్లాసు నుంచి వస్తూ మన గల్లీలో మూత లేని మ్యాన్‌హోల్‌లో పడి చనిపోయి నేటికి ఏడాది. మూడో రోజే దానికి కొత్త మూత వేశారు. ఇవాళ మా పంజాగుట్ట ఆఫీసులో నగరానికి ఐదేళ్ల ప్రణాళిక మళ్లీ టైపు చేశాను. పంపులు, పైపులు, మూతలు ఏ ఏడు కొనాలో అందులో ఉంటుంది. మా పద్ధతి నీకు తెలుసు. పాత ఫైలు తెరిచి, కాని పనులను ఒక్కో ఏడు ముందుకు జరుపుతాం.

"మన మూత ఎందాక వచ్చిందిరా?" అని రోజూ అడిగేవాడివి.

"సార్లు వచ్చే ఏటికి జరిపిండ్రన్నా, జర ఓపిక పట్టు."

"వాన సుత ఓపిక పడ్తదా?" అని నవ్వి, హాస్టల్లో విరిగిన కుర్చీని ఆ గుంత మీద అడ్డం పెట్టేవాడివి. నువ్వు పడిన రోజు వరదకు కుర్చీ పక్కకు కొట్టుకుపోయింది.

అన్నా, సార్లు జరపలేదు. "అర్జెంటువి ఈ ఏడే ఉంచి మిగతావి జరుపు," అన్నారు. సమోసా తింటూ, చూడకుండా, అన్నీ జరిపింది నేనే.

ఇవాళ సారు, "మూత వేసేశారు కదా, ఇంకా ఉంచావేంటి? ఆ లైను తీసెయ్," అన్నారు. తీసేశాను.

సాయంత్రం గల్లీలో గోడ పక్కనున్న నీ కుర్చీ తెచ్చి మూత మీద పెట్టాను.

"మూత ఉన్నది కదా భాయ్?" అన్నాడు ఇస్త్రీ బండి యాదగిరి.

"ఉంది," అన్నాను. కుర్చీ మాత్రం తీయలేదు.