ఎడమ పెడల్ లేని బండి

లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరైన నేను, ఈ ఇంటి యజమానిని, పూర్తి స్పృహలో ఉండి, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, నా ఇష్టప్రకారం రాయించిన వీలునామా ఇది. నా మనసు స్థిమితంగా ఉన్నట్టు డాక్టరు కాగితం రాసిచ్చాడు. మా అల్లుడు కొనుక్కొచ్చిన ఇంజను నేను చూసిన మర్నాడే నన్ను పరీక్ష చేసి మరీ ఇచ్చాడు కాబట్టి దాన్ని ఎవరూ శంకించనక్కర్లేదు. ఇంతకుముందు నేను వేరే వీలునామా ఏదీ రాయలేదు. రాసే అవసరం వస్తుందని అనుకోనూ లేదు. ఒక పాత గోకార్టుకి ఏ ఇంజను పెట్టాలో తేల్చుకోలేని మనుషులు, నేను పోయాక ఇల్లెలా పంచుకుంటారన్న బెంగతో రాయిస్తున్నాను.

1. నేను ఉంటున్న ఇల్లు నా స్వార్జితం. నా తదనంతరం అది సర్వహక్కులతో నా భార్యకు చెందాలి. ఆమె తదనంతరం నా కొడుకుకీ కూతురికీ చెరిసగం. వంటింటి కుళాయికి వాషరు మార్చాకే ఏ కాగితం మీదైనా సంతకం పెట్టమని ఆమె అంది. మార్చాను. ఇంకా కారుతోందంటే అది కుళాయి తప్పు.

2. నా మైక్రోమీటరు, వెర్నియరు, మిగతా కొలత సామాను మొత్తం నా కూతురికి. కొడుకు నొచ్చుకోవచ్చు. వెర్నియరుతో పెయింటు డబ్బా మూత తీసినవాడికి నొచ్చుకునే హక్కు లేదు. మా అమ్మాయి చిన్నప్పుడు మైక్రోమీటరుతో తన వెంట్రుక మందం కొలుచుకుని, అమ్మ జుట్టుకన్నా తన జుట్టే లావని వీధంతా చాటింది. ఈ ముక్క వీలునామాకి అనవసరమని లాయరు అన్నాడు. ఉండనివ్వమన్నాను.

3. షెడ్డులో టార్పాలిన్ కింద ఉన్న పాత గోకార్టు, దాని ఫ్రేము, సీటు, స్టీరింగు, వెనక యాక్సిల్, బ్రేకుతో సహా, నా కోడలికి చెందాలి. గోకార్టంటే ఏమిటని సాక్షులు అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను: నేలకి జానెడెత్తులో, కాళ్ళు చాపుకుని కూర్చుని నడిపే చిన్న రేసు బండి. మూతపడిన ట్రాకు వాళ్ళ దగ్గర ఇంజను లేకుండా కొన్నాను.

కొడుకూ అల్లుడూ అది తమకోసమే అనుకున్నారు. నేను ఎవరికీ చెప్పలేదు, అంతవరకూ వాళ్ళని ఏమీ అనను. కానీ ఎడమవైపున్న బ్రేకు పెడల్‌ని కోసి కుడివైపుకి మార్చి వెల్డింగ్ చేస్తుంటే ఇద్దరూ పక్కనే నిలబడి చూశారు. 'మావయ్యగారు పొరబడ్డట్టున్నారు' అన్నాడు అల్లుడు. 'ఈమధ్య నాన్న అంతే' అన్నాడు కొడుకు. ఎడమకాలికి పనెందుకు లేకుండా చేస్తున్నాడా అని ఒక్కడి బుర్రకీ తట్టలేదు.

నా కోడలు స్కూలు వ్యాను నడిపేది. ఆమె ఇరుకు సందులో ఆ వ్యానుని వెనక్కి తిప్పుతుంటే మేడమీది నుంచి చూసేవాణ్ణి. లేత్ మీద నేను అంత సాఫీగా పనిచేశానని గుండెమీద చెయ్యేసుకుని చెప్పలేను. లారీ పక్కనుంచి గుద్దిన రోజు వ్యానులో పిల్లలు లేరు, అదొక్కటే మేలు. ఆమె ఎడమ మోకాలు అప్పట్నుంచి వంగదు. ఇప్పుడు అదే స్కూలు ఆఫీసులో ఫోను దగ్గర కూర్చుని, ఏ వ్యాను ఎక్కడుందో తల్లిదండ్రులకి చెబుతుంది. ఆమె వ్యాను నడిపిన రోజుల మాట మా ఇంట్లో ఆమె ముందు ఎవరూ ఎత్తరు. ఎత్తకపోతే బాధ ఉండదని వీళ్ళ తెలివి. బస్సులో నా పక్కన కూర్చున్నప్పుడు మలుపు రాగానే ఆమె కుడికాలు నేలని గట్టిగా నొక్కుతుంది. గేర్లు లేని కారు కొనే స్తోమత మాకు లేదు. వంగని మోకాలికి, కాళ్ళు చాపుకుని కూర్చునే ఈ బండి సరిపోతుందని కొన్నాను.

4. ఇంజను విషయం. అల్లుడు తెచ్చిన నీళ్ళ పంపు ఇంజన్ని వెంటనే అమ్మేయాలి. రకం తప్పు కాదు, షాఫ్ట్ తప్పు. పంపు కోసం చేసిన ఆ తిరిగే కడ్డీ చివర మరలున్నాయి. మనకి క్లచ్ ఎక్కాలంటే షాఫ్ట్ నున్నగా, కీ బిళ్ళ దిగే గాడితో ఉండాలి. కొనేముందు షాఫ్ట్ చూడమని చిలక్కి చెప్పినట్టు చెప్పి పంపాను. 'చూశాను మావయ్యగారూ, తళతళా మెరుస్తోంది' అన్నాడు.

కొడుకు పట్టు బైకు ఇంజను మీద. 'పికప్ అదిరిపోతుంది నాన్నా, ఎడమకాలికి క్లచ్ పెడల్ పెట్టేద్దాం' అంటాడు. కట్టుకున్న భార్య ఎదురుగా కూర్చుని ఉండగా అంటాడు. అల్లుడు మధ్యలో దూరి, పోనీ చేతి క్లచ్ పెడదామంటాడు. ఒక చెయ్యి క్లచ్ మీద, ఒక చెయ్యి గేరు మీద ఉంటే, స్టీరింగు పట్టుకోడానికి పక్కింటివాళ్ళని పిలవాలా? వీళ్ళకి చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది.

కాబట్టి తుది మాట: నున్నటి షాఫ్టున్న చిన్న ఫోర్‌స్ట్రోక్ పెట్రోలు ఇంజను, దానికి గేర్లు లేని స్కూటర్లలో ఉండే రకం క్లచ్. యాక్సిలరేటరు తొక్కితే తనంతట తానే పట్టుకుంటుంది, వదిలితే వదిలేస్తుంది. కుడికాలు ఒక్కటి చాలు.

5. చైను విషయం. క్లచ్ మీది పళ్ళు, యాక్సిల్ మీది పళ్ళచక్రం (స్ప్రాకెట్), మధ్యలో చైను, మూడూ ఒకే కొలతవి కావాలి. నా కొడుకు స్ప్రాకెట్ ఒక కొట్లో, చైను ఇంకో కొట్లో కొన్నాడు. దేనికది మంచి సరుకే. కలిపితే మాత్రం అలిగిన తోడికోడళ్ళలా ఒకదాని మొహం ఒకటి చూడవు. పాత చైను ముక్క జేబులో వేసుకుని వెళ్ళి పోల్చి చూసుకోరా అంటే, ఫోనులో ఫోటో ఉందన్నాడు. ఫోటోలో కొలత ఎలా తెలుస్తుందో వాడే చెప్పాలి.

యాక్సిల్ మీద వేసే స్ప్రాకెట్, బజారులో దొరికే వాటన్నింటిలోకీ పెద్దదై ఉండాలి. అది ఎంత పెద్దదైతే బండికి లాగుడు అంత ఎక్కువ, వేగం అంత తక్కువ. నాకు కావలసింది అదే. ఆమెకి ఇంకో దెబ్బ తగిలితే తట్టుకునే ఓపిక నాకు లేదు, అప్పటికి నేను బతికి లేకపోయినా సరే.

6. నా పాత రేడియో అల్లుడికి. వినడానికి మాత్రమే, విప్పడానికి కాదు. నా పని కోటు కొడుకుకి. దాని జేబులో సుద్దముక్క ఉంటుంది, గుర్తు గీసుకోకుండా ఎక్కడా రంధ్రం వెయ్యకూడదని తెలియడానికి. వాడికి నామీద కోపం వస్తుందని తెలుసు. వాడి చేత్తో చేసిన రొట్టెలు తింటూనే ఇంత లావయ్యానని కూడా తెలుసు. బేకరీ పొయ్యి దగ్గర వాడి అంత నికార్సైన పనివాడు లేడు. ఇంజన్ల జోలికి రావడమే వాడి గ్రహచారం.

7. ఈ వీలునామా అమలు బాధ్యత నా కూతురిది. అన్నయ్యనీ మొగుణ్ణీ ఒకేసారి నోరుమూయించగలిగింది ఈ ఇంట్లో తనొక్కతే.

పై క్లాజులన్నీ లాయరు సాక్షులకు చదివి వినిపిస్తుండగా జరిగిన సంగతి వల్ల ఈ కింది సవరణ చేర్చడమైనది. చేర్చొద్దని లాయరు అన్నాడు. వీలునామా ఎవరిదని అడిగాను.

సాక్షులకి మంచినీళ్ళు తెచ్చిన నా కోడలు గుమ్మం దగ్గరే ఆగి, మూడో క్లాజు నుంచీ అంతా విన్నది. అదే సమయానికి నా కొడుకు, లాయరు ఉన్నాడన్న ధ్యాస కూడా లేకుండా, 'నాన్నా, బైకు ఇంజను చవగ్గా దొరికింది' అంటూ లోపలికొచ్చాడు. ఆమె గ్లాసుల పళ్ళెం బల్లమీద పెట్టింది. 'నా ఎడమకాలు క్లచ్ తొక్కదండీ. ఆ ఇంజను పెడితే నేను నడపలేను' అంది. ఆ కాలి గురించి ఆమె ఈ ఇంట్లో నోరు తెరిచి చెప్పడం ఇదే మొదలు. వాడు అక్కడే కుర్చీలో కూలబడ్డాడు.

నా కోడలు మాత్రం నావైపు తిరిగింది. 'అంత పెద్ద స్ప్రాకెట్ ఎందుకు మావయ్యా? దానికన్నా నేను కుంటుతూ నడిచినా ముందు వెళ్తాను' అంది. నడిపే మనిషిని అడక్కుండా బండి బిగించే బుద్ధిమంతుల్లో నేనూ ఒకణ్ణని అప్పుడు తేలింది. మధ్యరకం సైజుకి బేరం కుదిరింది. బేరమాడటంలో ఆమె గట్టిపిండం.

ఆఖరుకి ఆమె అడిగింది ఇదీ: 'ఇదంతా మీరు పోయాక ఎందుకు మావయ్యా? వచ్చే ఆదివారం బిగించేద్దాం.'

కాబట్టి మూడు, నాలుగు, ఐదు క్లాజులు కొట్టివేయడమైనది. కొడుకూ అల్లుడూ మళ్ళీ చదువుకోడానికి వీలుగా అడ్డంగా ఒక్క గీతే గీయమన్నాను. బతికుండగా చేతికిచ్చేసిన వస్తువుకి వీలునామా అక్కర్లేదట. ఈ సంగతి లాయరు ఇప్పుడు తీరిగ్గా సెలవిస్తున్నాడు. ఈరోజు నుంచి ఆ బండి నా కోడలి సొంతం, నా ఆస్తిలో భాగం కాదు.

పుచ్చుకునేముందు ఆమె ఒక షరతు పెట్టింది. మొదటిసారి నడిపేటప్పుడు 'జాగ్రత్త, జాగ్రత్త' అని అరుస్తూ నేను పక్కన పరిగెత్తకూడదట. చాలాసేపు వాదించాను. ఒప్పుకున్నాను. కింద పెట్టే సంతకం దానికి కూడా చెల్లుతుంది.

తేదీ: పదకొండు, మంగళవారం, మధ్యాహ్నం.

(సంతకం)
లేత్ పనివాడు, ఈ ఇంటి యజమాని

సాక్షులు:
1. పక్కవీధి టైలరు (సంతకం)
2. ఎదురింటి రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్ (సంతకం)