పన్నెండుకల్లా నిండే సర్వరు

విడపనకల్లు

జ్యోతికి మీ ముత్యాలప్ప మామ రాసేది. ఫోన్లో నువ్వు చెప్పేది నా చెవులకి ఎక్కదు గాబట్టి ఈ ఉత్తరం. ట్యాంకరు నీళ్లకి పల్లెలోళ్లు సెల్లులో పేర్లు వేసుకునే సర్వరు, నువ్వు పెట్టిచ్చినది, పొద్దున బాగనే ఉంటాది. పన్నెండయ్యేసరికి కదలదు. నీళ్ల కమిటీవాళ్లు నన్ను ఈడ కూర్చోబెట్టింది దాన్ని చూసుకోమనే కదా. ఏం చేయాల్నో రాయి.

నీ మామ

తా.క. తడిగుడ్డ కప్పి చూసినా. చల్లబడింది గానీ బుద్ధి రాలేదు.

బెంగళూరు

మామకి నమస్కారాలు. మొదట ఆ గుడ్డ తీసెయ్. సర్వరులో మెమరీ లీకవుతాంది. కారణం దొరికేదాకా రోజూ మధ్యాహ్నం ఆపి మళ్లీ వెయ్యి, తేలికపడతాది.

నీ కోడలు నాగజ్యోతి

తా.క. గుడ్డ తీసినట్టు తప్పకుండా రాయి.

విడపనకల్లు

జ్యోతీ, గుడ్డ తీసినా. లీకు అన్నావని మేస్త్రీ వెంకటరాముణ్ణి పిలిపిచ్చినా. బల్ల కింద దూరి చూసి, ఎండిపోయి ఉండాదన్నాడు. ఈ కరువులో కారేది ఏదన్నా ఉంటే పడదామని మీ అత్త బిందె గూడా తెచ్చింది. నువ్వు చెప్పినట్టే రోజూ పన్నెండుకి ఆపి వేస్తాండా. ఒక్కరోజు తప్పలేదు.

మామ

తా.క. వెంకటరాముడు సిమెంటు పూస్తానంటాండాడు. పూయమందునా?

బెంగళూరు

మామా, సిమెంటు వద్దు. ఈ లీకంటే కారిపోవడం కాదు, పట్టుకున్నది వదలకపోవడం. నీళ్లకి ఎవరన్నా పేరేస్తే సర్వరు పట్టుకొని ఉంటాది. డ్రైవరు 'చేరింది' అని నొక్కితేనే వదులుతాది. నొక్కనివి మిగిలిపోతాండాయి. పేరేసినోళ్లు సెల్లు తెరిచి పెట్టుకుంటే నిమిషానికొకసారి ఆ పేరే మళ్లీ చేరుతాది. రేపు ఆపేముందు తెర మీద మిగిలిన పేర్లు రాసి పంపు, ఆపితే చెరిగిపోతాయి. పూట దాటిన పేర్లు అదే మరిచిపోయేట్టు ప్రోగ్రాము రాసినా. నువ్వు సరే అంటే పెడతా.

జ్యోతి

తా.క. బిందె తీసుకుపొమ్మని అత్తకి చెప్పు.

విడపనకల్లు

జ్యోతీ, పేర్లు రాసినా. వందల వరసలు, చూస్తే పదకొండు ఇండ్లే. అన్నీ గుట్ట మీది పల్లె ఎర్రగుట్టవే. కాగితం జేబులో పెట్టుకొని ఆడికి బస్సెక్కినా.

గుట్ట దోవలో రాళ్లు లేచినాయని, టైర్లు పోతాయని డ్రైవరు పదహారు దినాలుగా ఎక్కలేదంట. అడిగితే, సర్వరు చెడిపోయింది, బాగయినాక వస్తానన్నాడంట. మల్లీశ్వరి అని నెలలు నిండిన మనిషి, అంత దూరం పొలం బోరు కాడినుంచి బిందె మోస్తాంది.

"పొద్దున పేరుంటాది, మధ్యాన్నానికి పోతాది. మళ్లీ వేస్తాము. ఎవరు కొట్టేసేది?" అని అడిగింది.

"నేనే తల్లీ," అన్నా.

ఆమె లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. అవి తాగేదానికి నాకు చానాసేపు పట్టింది.

నిన్న ఎర్రగుట్టోళ్లు, నేను కలిసి రాళ్లు ఏరినాము. ఈ పొద్దు ట్రాక్టరుకి చిన్న ట్యాంకు కట్టి ఎక్కిచ్చినా. డ్రైవరు చేత 'చేరింది' అని నా కండ్లముందే నొక్కిచ్చినా. సర్వరు సాయంత్రందాకా నడిచింది, ఆపే పని పడలేదు.

ఆ మరిచిపోయే ప్రోగ్రాము వద్దమ్మా. దినం దాటిన పేర్లు అన్నిటికన్నా పైన కనపడేట్టు చెయ్యి.

మీ మామ, ముత్యాలప్ప

తా.క. ట్యాంకు ఇంకా గుట్ట దిగకముందే మల్లీశ్వరి రేపటికి పేరేసింది. నమ్మకం కుదిరేదానికి కొన్నాళ్లు పడతాది.