నాలుగో భుజం

స్ప్రింగ్‌ఫీల్డ్, డర్బన్
12 సెప్టెంబరు 1999

పూజ్యులైన నాన్నగారికి,

డర్బన్ నుంచి మీ రామమోహన్ నమస్కారాలు. విమలా, పిల్లలూ కులాసా. ప్రాస్పెక్టన్ కార్ల ఫ్యాక్టరీలో నా ఉద్యోగం ఎప్పటిలాగే సాగుతోంది. అమ్మ బీపీ మాత్రలు అయిపోకముందే తెప్పించండి, మీ బద్ధకం నాకు తెలుసు.

ఇక మీరు కోప్పడే సంగతి. నిన్న నేను పాడె మోశాను. అమ్మానాన్నలు బతికుండగా పాడెకు భుజం పట్టకూడదని మీరు చిన్నప్పుడే చెప్పారు. మరచిపోయి చేసిన పని కాదు.

పోయింది మా వీధి మోరిస్ తాత. పేరు చూసి దొర అనుకునేరు, మనవాడే. ఆయన తాత విశాఖ నుంచి చెరకు తోటల కూలికి ఓడెక్కి వచ్చాడు. అప్పట్లో మౌంట్ ఎడ్జ్‌కోంబ్ మిల్లు కూలీల బారకాసుల్లో ఇంటికి పదిమంది పిల్లలట. పాడె లేస్తే నేనంటే నేనని కుర్రాళ్లు పోటీ పడేవారట. ఇప్పుడు ఇంటికి ఒకరో ఇద్దరో. వాళ్లూ జొహానెస్‌బర్గ్‌కో ఆస్ట్రేలియాకో వెళ్లిపోయారు. ఇక్కడి తెలుగు సంఘంలో పాడె పట్టే ఓపిక ఉన్నవాళ్లు ముగ్గురే మిగిలారు. వాళ్లలో చిన్నవాడికి అరవై ఎనిమిది. మీరు చెప్పిన నియమం ఇక్కడ ఎప్పుడో పోయింది, పాటిస్తే మోసేవాళ్లుండరు.

తాత కొడుకు నోలన్ చర్చిలో చేరాడు. పాడె ముట్టనన్నాడు గానీ గేటు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ముగ్గురు ముసలివాళ్లూ నావైపు చూశారు. ఎవరూ నోరు తెరిచి అడగలేదు. చెప్పులు విప్పి వెళ్లాను. వాకిట్లోంచి శ్మశానం బండి దాకా ముప్పై అడుగులే. ఆ ముగ్గురిలో నా పక్కన పట్టిన లోగన్ తాత అడుగు తడబడి, సగం దూరం బరువు నా మీదే పడింది.

నాన్నగారూ, నావల్ల మీకేమైనా అవుతుందేమోనని నిన్నటి నుంచీ భయంగా ఉంది. శాంతి ఏదైనా ఉంటే చేయించండి. అమ్మకు మాత్రం చెప్పకండి.

మీ
రామమోహన్

తా.క. మీ దగ్గర దాచలేకపోతున్నాను. మూడు వారాల కిందట సూరమ్మ అనే ముసలావిడ పోయినప్పుడు నాలుగో మనిషిగా ముందు నన్నే అడిగారు. మీ మాట గుర్తొచ్చింది. పిల్లలు దగ్గర లేని ఆ పెద్దవాళ్ల ముందు మా అమ్మానాన్నలున్నారని చెప్పడానికి మొహం చెల్లక, భుజం నొప్పి అని అబద్ధమాడాను. బరువులెత్తొద్దని డాక్టరు చెప్పిన మోరిస్ తాత నా పక్కనే ఉన్నాడు. “నొప్పా బాబూ? నువ్వు కూకో, నాను పడతా” అని నా చోట్లో నిలబడ్డాడు. బండి దగ్గరే కూలిపోయాడు. ఆసుపత్రిలో నన్ను చూసిన ప్రతిసారీ, భుజం ఎలా ఉందనే అడిగాడు.